ఉత్త స్విచ్చు

పంజాగుట్టలో ఆ షోరూములోకి అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గాజు తలుపులు, చల్లగాలి, గోడల నిండా స్విచ్చులు. చేతిసంచిలోంచి రుమాలు తీసి, ముడి విప్పి, రెండు ముక్కలైన స్విచ్చును బల్ల మీద పెట్టాను. నల్లటి గుండ్రటి స్విచ్చు, పాత ఇళ్ళలో టేకు చెక్క బోర్డుల మీద ఉండే రకం, మధ్యలో ఇత్తడి ముక్కు. ముక్కును కిందికి వంచితే వెలుగుతుంది, పైకి ఎత్తితే ఆరుతుంది. ఇలాంటిది ఒక్కటి కావాలన్నాను. మెడలో టై వేలాడుతున్న సేల్స్ మనిషి దాన్ని వేలితోనైనా తాకలేదు. "వింటేజా మేడమ్? మా దగ్గర మొత్తం కలెక్షనే ఉందండి" అని అట్టపెట్టె ఒకటి తెచ్చి తెరిచాడు. ఇత్తడి రంగు పూసిన ప్లాస్టిక్. నొక్కి చూశాను. చప్పుడు రాలేదు. చప్పుడు లేదేమని అడిగితే, "సైలెంట్ మేడమ్. ఇప్పుడు చప్పుడు ఎవరూ ఇష్టపడట్లేదండి" అన్నాడు గర్వంగా. నాకు చప్పుడే కావాలయ్యా అన్నాను. అతను నా తెల్లజుట్టు వంక చూసి, జాలిపడి, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ జాలికి ఇంకాస్త ఒళ్ళు మండింది.

అది నాలుగో దుకాణం. అంతకుముందే అమీర్‌పేటలో మూడు తిరిగాను. ఒకచోట అసలు అర్థం కాలేదన్నారు, ఇంకోచోట ఇంట్లో అన్నీ మార్చేయమన్నారు, మూడోచోట స్విచ్చు ముక్కలను చూసి ఫొటో తీసుకున్నారు. మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ళు మోసి మోసి రిటైరైన దాన్ని, మధ్యమధ్య నాలుగు కథలు రాసుకున్న దాన్ని. ఖాళీగా ఉన్న ఆడమనిషి అంటే ఇంట్లో అందరికీ లోకువే. "అక్కా, నీకేం పని? జర నువ్వే తిరిగి తేరాదు" అని మా తమ్ముడు రవీందర్ ఈ పని నా నెత్తిన పెట్టాడు. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ దిగుతూ, మోకాళ్ళను తిట్టుకుంటూ, ఒక్క స్విచ్చు కోసం నగరం మధ్యలో ఎర్రటెండలో తిరిగాను.

అమీర్‌పేట సందులో మా బాపు కట్టిన ఇల్లు ఇంకా నిలబడే ఉంది. కుడివైపు ఐదంతస్తుల లేడీస్ హాస్టలు, ఎడమవైపు ఆరంతస్తుల కోచింగ్ సెంటరు, నడుమ ఒంటి అంతస్తు మా ఇల్లు. రవీందర్ కూతురు శ్రావణి ఫ్యాషన్ చదువు చదివి, ముందు గదుల్లో బొటిక్ పెడుతోంది. బాపు పంజాగుట్ట చౌరస్తాలో టైలరింగ్ షాపు నడిపిన మనిషి కాబట్టి, తాత వృత్తిని మనవరాలు నిలబెడుతోందని మా చుట్టాలందరూ మురిసిపోతున్నారు. పాత నేల, పాత తలుపులు, పాత స్విచ్చు బోర్డులు అలాగే ఉంచాలని, అదే ఇప్పటి ఫ్యాషనని డిజైనరమ్మ చెప్పిందట. అంతా బాగానే ఉంది కానీ నడవాలోని బోర్డు దగ్గర మేస్త్రీ పాత సున్నం గీకుతుంటే, మూడు స్విచ్చుల్లో నడిమిదానికి సుత్తి తగిలి పగిలింది. ఎలక్ట్రీషియన్ నర్సింగ్ బోర్డు విప్పి చూసి నవ్వాడు. "మేడమ్, దీనికి వైరే లేదు. ఉత్త స్విచ్చి" అన్నాడు.

ఆ మాటకు రవీందర్ కూడా పగలబడి నవ్వాడు. మా ఇంట్లో దాని పేరే ఉత్త స్విచ్చు. దాని కథ మా చుట్టాల్లో తెలియని వాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆఖరికి బాపు దినాల నాడు కూడా చెప్పుకుని నవ్వుకున్న కథ అది.

బాపు తల్లిని మేము బాపమ్మ అనేవాళ్ళం. సిరిసిల్లలో మగ్గాల నడుమ పుట్టి, మగ్గాల ఇంటికే కోడలై, కండెలు చుట్టీ చుట్టీ చూపుడువేలు వంకర పోయిన మనిషి. బాపు చేనేత వదిలి కత్తెర పట్టుకుని హైదరాబాదు వచ్చాక ఆమెనూ తెచ్చుకున్నాడు. అప్పటికే ఆమె కళ్ళు మసకబారాయి. నేను బడిలో చేరే నాటికి చూపు పూర్తిగా పోయింది. పగలో రాత్రో కూడా తెలిసేది కాదు. కానీ ఆమె చెవి ముందు మా కళ్ళు దేనికీ పనికొచ్చేవి కావు. వంటింట్లో పప్పు డబ్బా మూత తీస్తే, అది కందిపప్పో పెసరపప్పో నడవాలోని మంచం మీద కూర్చుని చెప్పేది. ఇంట్లో ఆమె మాటే చెల్లేది. సర్వపిండిలో నువ్వులు ఎన్ని పడాలో, ఎవరి తల ఏ రోజు అంటాలో, లైట్లు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆర్పాలో, అన్నీ ఆమె చెప్పినట్టే జరిగేవి.

లైటు ఆమెకు దేవుడితో సమానం. పొద్దుగూకగానే ముందుగది లైటు వేయడం నా పని. నడవాలో ఆమె మంచం తలాపునే బోర్డు. నేను స్టూలెక్కి నడిమి స్విచ్చు వంచితే 'టక్'మని వినిపించగానే ఆమె రెండు చేతులూ జోడించి, చూపులేని కళ్ళు మూసుకుని, దండం పెట్టేది. అన్నాలు తిన్నాక, ఎనిమిది కాకముందే, గోడ తడుముకుంటూ లేచి అదే స్విచ్చును తన చేత్తో ఎత్తేది. మళ్ళీ టక్. "పనికి పొద్దుంటది, పొద్దుకు పని ఉండది. కరెంటు దండుగ. మా ఇంట్ల పొద్దుగూకితే మగ్గం మీద సుత దుప్పటి కప్పేటోళ్ళం. మగ్గం సుత పండుకోవాలె" అనేది. మాకు ఆ మాటల్లో కరెంటు దండుగ అన్నది ఒక్కటే వినిపించింది. పిసినారి ముసలిది అనుకున్నాం. మగ్గం గురించి అన్నది ఎవరమూ పట్టించుకోలేదు.

ఇక అమ్మ. అమ్మకు పొద్దంతా ఇంటి చాకిరీ. బాపు షాపులో కత్తిరించడం, మిషన్ మీద కుట్టడం మాత్రమే జరిగేవి. జాకెట్లకు హుక్కులు, కాజాలు, అంచుల చేతికుట్టు, చీరలకు ఫాల్స్, ఇవన్నీ మూటగట్టి సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. మూట విప్పితే కొత్తబట్ట గంజి వాసన, సుద్ద వాసన, మిషన్ నూనె వాసన ముందుగదిలో నిండేవి. నాకు ఆ వాసనంటే ఎంతో ఇష్టం. అమ్మకు ఇష్టమో కాదో నేను ఎన్నడూ అడగలేదు. అన్నాలయ్యాక అమ్మ ఆ మూట ముందేసుకుని కూర్చోగానే బాపమ్మ లైటు ఆర్పేది. అమ్మ లేచి మళ్ళీ వేసేది. టక్‌మనగానే నడవాలోంచి అరుపు. బాపు అటు తల్లికీ చెప్పలేడు, ఇటు మూటా ఆపలేడు. బాపు మెత్తటి మనిషి. వీధిలో కుక్కను కూడా అదిలించి ఎరగడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, ఇదీ ఆయన పద్ధతి. అందుకని తన దోస్తు వైర్‌మన్ దేవదానాన్ని పిలిచి, నడిమి స్విచ్చు వెనక వైరు తీయించేశాడు. ముందుగది లైటుకు వంటింటి బోర్డులో వేరే స్విచ్చు పెట్టించాడు. నడిమి స్విచ్చు చప్పుడు చేస్తుంది, అంతే. బాపమ్మ ఎత్తేది, టక్‌మనేది, "ఆరిందా బిడ్డా?" అని నన్నడిగేది. నేను ముందుగది గడపలో నిలబడి, వెలుగుతున్న బల్బును చూస్తూ, "ఆరింది బాపమ్మా" అనేదాన్ని. బాపు నాకు కన్ను గీటేవాడు. నేను చెప్పే అబద్ధంతో ఇల్లంతా నడుస్తోందని ఎంత పొంగిపోయేదాన్నో!

ఇదీ కథ. నవ్వొచ్చే కథే, ఎవరు కాదన్నారు? చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపుతారు. ఆ టక్ తర్వాత అమ్మ ఏం చేసేదో ఎవరూ చెప్పరు. ఇల్లు చీకటిగా ఉండి, అందరూ పడుకున్నారని బాపమ్మ నమ్మాలి. కాబట్టి అమ్మ పలకకూడదు. చేతి గాజులు మోచేతి దాకా లాక్కుని పైకి బిగించుకునేది. కత్తెరతో దారం తెంపితే చప్పుడవుతుందని పళ్ళతో కొరికేది. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. దర్జీలు వేలికి పెట్టుకునే ఇనుప తొడుగును అంగుస్తానా అంటారు. దాన్ని తీసి నేల మీద పెడితే వినబడుతుందని, మడతపెట్టిన జాకెట్టు మీద పెట్టేది. పక్కింటామెతో ముచ్చట పెట్టే భాగ్యం లేదు, పాట పాడుకునే భాగ్యం లేదు, బాపుతో రెండు ముక్కలు మాట్లాడే భాగ్యం లేదు. బాపు అప్పటికి చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయేవాడు. అమ్మ మూట ఖాళీ అయ్యేదాకా మూగదానిలా కుట్టేది. తెల్లారి ఆ మూట పంజాగుట్టకు పోయేది. చెప్పిన రోజుకు చెప్పినట్టు ఇచ్చే టైలరని బాపుకు పేరు.

ఈ కథ ఎవరైనా ఎత్తుకోగానే, "చాయ పెడత" అని అమ్మ లేచి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసి, నేను కూడా నవ్వుతూ కూర్చున్నాను. ఆమెకు సిగ్గు అనుకున్నాను. మొగుడి ప్రేమను నలుగురిలో చెబుతుంటే సిగ్గుపడుతోందనుకున్నాను. నా అంత చదువుకున్న మొద్దు ఇంకొకతె ఉండదు.

బాపు పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. ఆఫీసు నుంచి నేను వచ్చేసరికి మసక చీకట్లో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని ఉండేది. "లైటు వేసుకోవద్దా అమ్మా?" అని రోజూ కసిరేదాన్ని. "ఉండనీ బిడ్డ. చీకట్ల చేతులకు పనుండది" అనేది. అత్తగారి పిసినారితనం కోడలికి అంటుకుందని నేను ఆమె మొహాన్నే వెటకారం చేశాను. ఆమె నవ్వి ఊరుకునేది. నేను లైటు వేయగానే, ఎవరో పిలిచినట్టు లేచి, మడతపెట్టడానికి ఏవో బట్టలు వెతుక్కునేది. అలా కొన్నేళ్ళు నడిచింది. ఆమె పోయాక కూడా ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు.

షోరూము నుంచి వట్టి చేతులతో బాపు ఇంటికి వచ్చిన రోజు, సిమెంటు దుమ్ము మధ్య స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, శ్రావణి ఫోను పట్టుకుని గంతులేస్తూ వచ్చింది. "అత్తా, బోర్డు పక్కన గోడకు కార్డు పెడుతున్న. తాతయ్య, నానమ్మల లవ్ స్టోరీ. విను" అని చదివింది. ఒక భర్త తన భార్య కలల కోసం ఎన్నడూ ఆరనివ్వని దీపం కథ ఇది, అని మొదలైంది. రవీందర్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత మంచిగ రాసింది చూడక్కా" అన్నాడు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఇన్నేళ్ళుగా కడుపులో ఎక్కడ దాక్కుందో తెలియదు, కోపం వచ్చిపడింది. "కలలా? హుక్కులు కుట్టుడు ఎవరి కలనే? మీ నానమ్మ నీకు ఎప్పుడన్న చెప్పిందా, హుక్కులు కల్లకొచ్చినయని?" అని అరిచాను. మేస్త్రీ పని ఆపి చూశాడు.

"అట్ల కాదత్తా, తాతయ్య సపోర్ట్ చేసిండు గదా" అంది శ్రావణి. సపోర్టట! ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికి ఒకడు. ఇక్కడ ఆలి చేత పని చేయించుకుని ఆలికే ఉపకారం చేశాడని గోడకు రాతలు. తల్లి దగ్గరికి వెళ్ళి, అమ్మా, దానికి పనుంది, లైటు ఉండనీ అని ఒక్క మాట అంటే అయ్యేది. లేదంటే ఆ హుక్కుల పనికి షాపులో ఒక మనిషిని పెట్టుకుంటే అయ్యేది. నోటితో పోయేదానికి చెక్క బోర్డు విప్పించి, వైరు తెంపించి, పసిపిల్ల నోట అబద్ధం పలికించి, పెళ్ళాన్ని మూగదాన్ని చేసి, తాను మాత్రం ఇద్దరికీ మంచివాడు అయ్యాడు. అది ప్రేమ కాదు, పిరికితనం అన్నాను. రవీందర్ మొహం మాడిపోయింది. "చచ్చిపోయిన మనిషిని గట్ల అంటవా అక్కా? బాపు చెడ్డోడా?" అన్నాడు. "చెడ్డోడని ఎవరన్నరు? మంచోడే. గందుకే నా కోపం. చెడ్డోడైతే అమ్మ ఎవరికన్న చెప్పుకొని ఏడ్సేది" అన్నాను. అని, చెప్పులేసుకుని బయటికి నడిచాను.

గేటు దగ్గర నర్సింగ్ నా వెంట వచ్చాడు. "మేడమ్, ఇసొంటి స్విచ్చిలు ఏ దుకాణంల దొరకయి. మా ఉస్తాద్ దేవదానం సార్ దగ్గర ఉంటయి. చర్చి వెనక గల్లీల ఉంటడు" అన్నాడు. నేను ఆగిపోయాను. దేవదానం మామ బతికే ఉన్నాడా? అమ్మను ఆయన చెల్లె అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి మాకు కేకు, బతుకమ్మకు మా ఇంటి నుంచి వాళ్ళకు సత్తుపిండి, ఇలా నడిచిన స్నేహం. సొంత గల్లీకి రెండు సందుల అవతల ఉన్న మనిషిని వదిలేసి నేను గాజు షోరూములు తిరిగాను. ఈ అమీర్‌పేటలో ఇప్పుడు ఎటు చూసినా బ్యానర్లు, నేర్పిస్తాం, ఉద్యోగం ఇప్పిస్తాం అని. పక్కింట్లో ఎవరున్నారో నేర్పించే కోచింగ్ మాత్రం ఒక్కటీ లేదు.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడు, మీద తెల్లటి చొక్కా. పేరు చెప్పగానే గుర్తుపట్టి, "వందనాలు బిడ్డా, వందనాలు. నారాయణ బిడ్డెవా!" అని నా చేతులు పట్టుకున్నాడు. రుమాలు విప్పి చూపించాను. లోపలి నుంచి బిస్కెట్ల రేకు డబ్బా తెప్పించాడు. అందులో పాత స్విచ్చులు, ఇత్తడి మరలు, పింగాణీ ముక్కలు. ఒక్కొక్క స్విచ్చూ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఎత్తి దించాడు. ఒకటి కీచుమంది. ఇంకొకటి మెత్తగా పలికింది. మూడోది 'టక్'మంది. కళ్ళు మూసుకుంటే మా నడవా, నా కాళ్ళ కింద స్టూలు, బాపమ్మ జోడించిన చేతులు. "గిదే. మీ నడవాల దానికి జోడు. ఒక్క డబ్బల వచ్చినయి" అన్నాడు.

శ్రావణి రాసిన కార్డు సంగతి ఆయనకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, దాని మీద రెండు చేతులు ఆనించాడు. "ఒక మాట చెప్తె కోపం చెయ్యవు గద బిడ్డా?" అన్నాడు. "కోపంలనే ఉన్న మామా. చెప్పు" అన్నాను.

"మీ అమ్మ ఒకపారి నా దగ్గరికొచ్చింది. గీ గేటు కాడ్నే నిలవడ్డది. లోపటికి రా చెల్లె అంటె రాలే. అన్నా, నడిమి స్విచ్చికి మల్ల వైరు ఇయ్యరాదు అన్నది. నాకు సమజ్ కాలే. ఇస్తె ముసలామె ఆర్పంగనే నిజంగ ఆరిపోతది గదా చెల్లె అన్న. ఆరిపోనీ అన్నా, నేను సుత పండుకుంట అన్నది."

ఏం వింటున్నానో నాకు వెంటనే తలకెక్కలేదు. సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. అమ్మ ఏమడిగిందో అప్పుడు అర్థమైంది. ఆమె ఏనాడూ వెలుగు అడగలేదు. ఆ ఇంట్లో తనను పడుకోమన్న మనిషి ఒక్క బాపమ్మే. తెలిసి అన్నా తెలియక అన్నా, కరెంటు కోసమే అన్నా, మగ్గం కూడా పడుకోవాలని ఆ గుడ్డి ముసలమ్మ ఒక్కతే రోజూ గోడ తడుముకుంటూ లేచి లైటు ఆర్పింది. మిగతా వాళ్ళమందరం కలిసి అది ఆరకుండా చూశాం. బాపు వైరు తెంపించాడు, దేవదానం మామ తెంపాడు, నేను ఆరిందని చెప్పాను.

"నువ్వు ఇయ్యలేదా మరి?" అన్నాను.

"ఇయ్యలే. దోస్తు ఇంట్ల దోస్తుకు తెల్వకుంట వైరు ఎట్ల ముట్టుకుంట? మీ బాపుకు చెప్పిన. ఆయన నవ్విండు. దానికి నిద్ర ఎక్కువలే అన్నడు." డబ్బాను పక్కకు జరిపాడు. "నేను సుత నవ్విన బిడ్డా."

అరిచాను. అంత ముసలి మనిషి మీద, ఆయన వరండాలోనే నిలబడి అరిచాను. చెల్లె అని పిలిచి ఒక్క వైరు ముక్క ఇవ్వలేకపోయావా, గేటు దాకా నడిచి వచ్చి నోరు తెరిచి అడిగితే ఆ మాటను తీసుకెళ్ళి మొగుడికే అందిస్తావా, ఆమె మళ్ళీ ఇంకెవరి దగ్గరైనా ఎట్లా అడుగుతుంది అని అరిచాను. ఆయన తల దించుకుని, చర్చిలో ఎన్నో ఒప్పుకున్నాను, ఇది మాత్రం ఒప్పుకోలేకపోయాను అన్నాడు. క్షమించానని నేను అనలేదు. ఇప్పటికీ అనను. నాకే క్షమాపణ లేనప్పుడు ఆయనకెక్కడి నుంచి తెచ్చివ్వను? కాసేపటికి ఆయన చేతికర్ర అందుకుని, "నడువు. గా వైరు నేనే ఇప్పిస్త" అన్నాడు.

మేమిద్దరం ఆ రెండు సందులూ నడవడానికి అరగంట పట్టింది. దారి పొడవునా భుజాలకు సంచులు తగిలించుకున్న పిల్లలు తోసుకుంటూ పోతున్నారు. ఆయన నడవాలో కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతుంటే నర్సింగ్ కొత్త స్విచ్చు బిగించాడు. కొత్త అంటే పాతదే. మిగతా రెండింటి పక్కన అది ఎంత ఒదిగిపోయిందంటే, ఏది పగిలిందో కనిపెట్టడానికి వీల్లేదు. ఉత్తదిగా ఉంచాలని, కథంతా దానితోనే ఉందని శ్రావణి గొణిగింది. "వైరు ఇయ్యి. ముందుగదిల పని టేబుల్ మీది లైటుకు ఇయ్యి" అన్నాను నర్సింగ్‌తో. అప్పుడు రవీందర్‌నూ శ్రావణినీ కూర్చోబెట్టి అమ్మ అడిగిన మాట చెప్పాను. దేవదానం మామ తల ఊపాడు. రవీందర్ "నాకెందుకు చెప్పలే అమ్మ?" అన్నాడు. ఆ ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరున్నారు కనుక? చిన్నప్పుడు వాడు అమ్మ కుట్టిన జాకెట్ల గుట్ట మీదే తల పెట్టుకుని నిద్రపోయేవాడు. శ్రావణి ఫోనులో ఏదో నొక్కింది. "అయితే కార్డు మీద ఏం రాయాలె అత్తా?" అంది. "ఏం రాయొద్దు. ఏడు గొట్టంగనే గా స్విచ్చి పైకి లేవాలె. గంతే" అన్నాను. సరే అత్తా అంది. ఇంట్లో ముసలివాళ్ళకు అందరూ చెప్పే సరే అది, దాని విలువ నాకు తెలుసు.

బొటిక్ మొదలైంది. బాగా నడుస్తోందట, సంతోషం. ఇప్పుడు ఆ సందులో చీకటి అన్నదే లేదు. కోచింగ్ సెంటర్ బోర్డు నీలంగా, హాస్టల్ మెట్ల మీది లైట్లు తెల్లగా, పైన మెట్రో రైలు కిటికీల వెలుగు మా దాబా మీద పడుతూ పోతుంటుంది. ఎవరూ ఏదీ ఆర్పరు. ఆర్పమని అనే బాపమ్మలు లేరు. ఉంటే సైలెంట్ స్విచ్చులు వచ్చాయి కదా, ఉత్త స్విచ్చు అవసరం కూడా లేకుండా మోసం చేసుకోవచ్చు. కాలం మారిందంటారు. హుక్కులు కుట్టే చేతులు మారాయి, నేను చూసినంతలో మారింది అదొక్కటే.

పెళ్ళిళ్ళ సీజనులో ఒక సాయంత్రం అటు వెళ్ళాను. ఎనిమిది కావొస్తోంది. ముందుగదిలో పని టేబుల్ దగ్గర స్వరూప, ఫాతిమా అనే ఇద్దరు ఆడవాళ్ళు తలలు వంచి జాకెట్లకు హుక్కులు కుడుతున్నారు. అమ్మ కూర్చున్న చోటే. స్వరూప టిఫిను డబ్బా మూత తీసి ఉంది, అందులో అన్నం అలాగే ఉంది. "ఇంకెంతసేపు బిడ్డా?" అన్నాను. "మేడమ్ చెప్పేదాక, అత్తమ్మా" అంది తలెత్తకుండా. లోపలి గదిలో శ్రావణి ఫోనులో ఎవరితోనో, రేపు పొద్దున్నే డెలివరీ ఇస్తానని ఒట్టు వేస్తోంది. మా అందరి కంటే మెత్తటి గొంతు దానిది. అచ్చం వాళ్ళ తాత గొంతు.

నడవాలోకి వెళ్ళాను. ఇప్పుడు స్టూలు అవసరం లేదు. ఇత్తడి ముక్కు కిందికే ఉంది. కళ్ళు మూసుకుని, గోడ తడుముకుని, నడిమిదాన్ని పైకి ఎత్తాను.

టక్.

ముందుగది చీకటైంది. "అత్తా! ఏం చేస్తున్నవ్? పనుంది!" అని లోపలి నుంచి శ్రావణి అరిచింది. నేను స్విచ్చు మీది నుంచి చెయ్యి తీయలేదు. "ఆరింది" అన్నాను గట్టిగా. జన్మలో మొదటిసారి ఆ మాట నేను నిజంగా అన్నాను. చీకట్లో ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత ఒక అంగుస్తానా టేబుల్ మీద ఠంగుమంది. దాని వెనకే రెండోది.